రోబో ఇన్‌టేక్ రోలరుకు ఏ రబ్బరు వేయాలి, ఎలా తొడగాలి?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెప్తాను, తప్పైతే సరిదిద్దండి. మీ అబ్బాయి హైదరాబాద్‌లో ఎఫ్‌టీసీ (స్కూలు పిల్లల రోబో పోటీ) టీమ్‌లో ఉన్నాడు. ఆ పోటీలోని డీకోడ్ ఆటలో ఊదా, ఆకుపచ్చ ప్లాస్టిక్ బంతుల్ని నేల మీంచి రోబో లోపలికి లాగే ఇన్‌టేక్ రోలరు కోసం 25 ఎంఎం కరెంటు పైపు మీద పాత సైకిల్ ట్యూబు తొడిగారు, ఇన్‌స్టంట్ గమ్ముతో అతికించారు, 435 ఆర్‌పీఎం మోటారు పెట్టారు. మొదటి రోజు బ్రహ్మాండంగా లాగింది. వారం తిరిగేసరికి బంతి జారుతోంది, పైగా ట్యూబు పైపు మీదే గిర్రున తిరుగుతోంది. ఇంకా గట్టి పట్టున్న రబ్బరు ఏది, ఏ జిగురు వాడాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే జిగురు వద్దు. పైపు కన్నా సన్నటి మెత్తని ట్యూబు తీసుకుని, 20 శాతం దాకా సాగేలా పైపుకి తొడగండి. పైపు బయటి వ్యాసం 30 ఎంఎం అయితే ట్యూబు లోపలి వ్యాసం 25 ఉండాలి. సిలికాన్ అయితే మేలు. రెండు చివర్లూ పైపు లోపలికి మడిచి, మీద బిరడా బిగించండి. ఆ బిగువే దాన్ని పట్టుకుంటుంది. కానీ ఇదొక్కటే చేసి ఊరుకుంటే మీ బంతి ఇంకా జారుతుంది, ఎందుకంటే మీరు చెప్పినదాన్ని బట్టి సగం సమస్య రబ్బరులో లేదు, రోలరు బంతిని నొక్కే తీరులో, తిరిగే వేగంలో ఉంది.

నా సంగతి రెండు ముక్కల్లో: 2016 నుంచి డాలస్ దగ్గర ఒక హైస్కూలు ఎఫ్‌ఆర్‌సీ (ఇలాంటిదే, ఇంకా పెద్ద రోబోల పోటీ) టీమ్‌కి మెంటరుగా ఉన్నాను. మాది మిర్యాలగూడ, నాన్న రైసు మిల్లులో ఫిట్టరు. రబ్బరు రోలరు గురించి నాకు తెలిసిన దాంట్లో సగం అమెరికా వచ్చాక నేర్చుకుంది కాదు, సెలవుల్లో నాన్నకి క్యారియర్ తీసుకెళ్లినప్పుడు చూసింది.

రైసు మిల్లులో వడ్ల పొట్టు ఊడగొట్టేవి రెండు రబ్బరు రోళ్లు. ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఒకటి కొంచెం నెమ్మదిగా. రెండూ ఒకే వేగంతో తిరిగితే వడ్లు నలిగి అలాగే కింద పడతాయి, పొట్టు ఊడదు. ఒక రోలు కదలదు, రెండోది ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఆ జరిపే చక్రం దగ్గరే నాన్న సగం రోజు నిలబడేవాడు. వడ్లు జారిపోతున్నాయంటే కొత్త ఆపరేటర్లు "రబ్బరు పోయింది" అనేవారు. నాన్న మాత్రం ముందు రోళ్ల మధ్య సందు చూసేవాడు, తర్వాత రోళ్లని తిప్పే బెల్టు, అంటే వేగం చూసేవాడు, చివరికి రబ్బరు చూసేవాడు. మీరు కూడా అదే వరసలో చూడండి.

ముందు సందు. మీ బంతి 5 అంగుళాలు, అంటే దాదాపు 127 ఎంఎం, గట్టి ప్లాస్టిక్, ఒళ్లంతా చిల్లులు. చేత్తో నొక్కితే పెద్దగా లొంగదు. పట్టు రావాలంటే నొక్కుడు ఉండాలి, నొక్కుడు ఉండాలంటే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి లొంగాలి. బంతైనా లొంగాలి, రోలరు రబ్బరైనా లొంగాలి, లేదంటే రోలరు బిగించిన చేయైనా, అంటే దాన్ని మోసే పట్టీ అయినా లొంగాలి. 2024లో ఎఫ్‌ఆర్‌సీ క్రెసెండో ఆటకి నారింజ రంగు ఫోమ్ రింగులు ఇచ్చారు. 14 అంగుళాల రింగు, 2 అంగుళాల మందం, స్పాంజిలా మెత్తన. అక్కడ వస్తువే లొంగుతుంది కాబట్టి రోలరు రాయిలా ఉన్నా నడిచిపోయింది. ఆ ఏడాది మేం పైపు మీద సన్నటి తొడుగు వేసి, రెండు రోలర్ల మధ్య సందు తగ్గించి ఊరుకున్నాం, సీజనంతా లాగింది. మరుసటి ఏడాది రీఫ్‌స్కేప్‌లో 4 అంగుళాల పీవీసీ గొట్టం ముక్కలు ఇచ్చారు. అదే రోలరు పెట్టి చూస్తే గొట్టం వచ్చి తగలడం, ఎగిరి పక్కకి పడడం! రబ్బరు అదే, పిల్లలు అదే, మోటారు అదే. లొంగేది ఏదీ లేకపోవడమే తేడా. మీది ఇప్పుడు ఆ రెండో రకం.

సైకిల్ ట్యూబు గోడ మందం సుమారు ఒక ఎంఎం. అది ఎంత లొంగుతుంది? ఏమీ లొంగదు. కాబట్టి రోలరుని చట్రానికి గట్టిగా బోల్టు వేసి బిగించి ఉంటే, నేల పలక కాస్త ఎత్తుపల్లాలుగా ఉన్నా, రోబో ముందు భాగం 3 ఎంఎం లేచినా నొక్కుడు పోతుంది. మొదటి రోజు వర్క్‌షాప్‌లో చదునైన నేల మీద లాగి, తర్వాత జారడానికి అదీ ఒక కారణం కావచ్చు. రోలరుని రెండు చేతుల మీద పెట్టి, ఆ చేతులు పైన ఒక మేకు చుట్టూ ఊగేలా చేయండి. కిందికి ఎంతవరకు దిగాలో అక్కడ ఒక ఆపు పెట్టండి, కిందికి లాగడానికి రెండు రబ్బరు బ్యాండ్లో సన్న స్ప్రింగో కట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు రోలరు అడుక్కీ నేలకీ మధ్య 119 నుంచి 121 ఎంఎం ఉంటే చాలు, అంటే బంతి కన్నా 6 నుంచి 8 తక్కువ. బంతి వచ్చినప్పుడు రోలరు పైకి లేచి, బంతి మీద బరువు వేసి, దాటాక మళ్లీ కూర్చుంటుంది. ఇదే మిల్లులో జరిపే రోలు.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు, పట్టు చాలట్లేదని ఇంకా కిందికి, ఇంకా కిందికి దింపుతూ పోవడం. ఒక హద్దు దాటాక రోలరు బంతి నెత్తిన కాకుండా ముఖాన తగులుతుంది. అప్పుడు మింగదు, తంతుంది.

తర్వాత వేగం. ఇది మీరు అడగలేదు, అయినా చెప్తాను. 25 పైపు మీద ట్యూబు వేస్తే 27 ఎంఎం అనుకుందాం. 435 ఆర్‌పీఎంతో తిరిగితే రోలరు అంచు వేగం సెకనుకి 0.6 మీటరు మాత్రమే. మీ రోబో మామూలుగా సెకనుకి మీటరున్నర వేగంతో పోతుంటుంది. అంటే రోలరు లోపలికి లాగే వేగం కన్నా రోబో బంతిని ముందుకి నెట్టే వేగం రెండింతలకు పైనే! పక్కన నిలబడి చూసేవాడికి బంతి జారినట్టే కనిపిస్తుంది, నిజానికి రోబో దాన్ని తరుముతోంది. పైగా బంతి నేల మీద దొర్లుతూ వస్తుంది కాబట్టి, రోబో ఆగి ఉన్నప్పుడు కూడా రోలరు అంచు వేగంలో సగంతోనే లోపలికి వస్తుంది. మా దగ్గర నోటిలెక్క ఏమిటంటే, రోలరు అంచు వేగం రోబో వేగానికి రెండింతలు ఉండాలి. మరీ కుదరకపోతే ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు.

మీరు చెప్పిన మోటారు గోబిల్డా అనే కంపెనీది అయితే అదే కుటుంబంలో 1150, 1620 ఆర్‌పీఎంవి కూడా ఉంటాయి. రోలరు 35 ఎంఎం చేసి 1150 పెడితే సెకనుకి 2.1 మీటర్లు, 1620 పెడితే దాదాపు 3. "వేగం పెరిగితే బలం తగ్గదా?" అంటారేమో, తగ్గుతుంది. 1150 మోటారు ఆగిపోయే ముందు ఇచ్చే టార్కు (తిప్పే బలం) 7.9 కేజీ-సెం.మీ., 435కి 18.7. అయినా 35 ఎంఎం రోలరు అంచు దగ్గర ఆ 7.9 అంటే నాలుగున్నర కిలోల లాగుడు. మీ బంతి వంద గ్రాములు కూడా ఉండదు. చాలదా?

సరే, ఇప్పుడు రబ్బరు.

సైకిల్ ట్యూబు చెడ్డదని నేను అనను. నా మొదటి సీజన్లో మేం వేసింది అదే, ఇప్పటికీ ప్రోటోటైపుకి అదే వేస్తాం. చాలా వరకు అది బ్యూటైల్ రబ్బరు, గాలి నిలిపేందుకు చేసింది, పట్టు పర్వాలేదు. దానితో మూడు చిక్కులు. లోపల టాల్కం పౌడరు చల్లి ఉంటుంది, దాన్ని సబ్బుతో కడక్కుండా తొడిగితే పౌడరు మీద జారుతుంది. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది, బిగువు రాదు. మూడోది, నాలుగు రోజులు వాడితే పైన నున్నగా మెరుపు తేలుతుంది, ఆ మెరుపే జారుడు. మీరు ఈ వారం దాంతోనే నెట్టుకురావాలంటే కొత్త ట్యూబు కొనండి. పరిచి వెడల్పు కొలవండి, దాన్ని రెండుతో గుణించి 3.14తో భాగిస్తే దాని వ్యాసం వస్తుంది. 34 ఎంఎం వెడల్పు ఉంటే దాదాపు 21.6, అది మీ 25 పైపు మీద 15 శాతం సాగి బిగువుగా కూర్చుంటుంది. 40 వెడల్పు ఉన్నది తెస్తే 25.5, అంటే వదులు. మీది గిర్రున తిరగడానికి ఇదే కారణమని నా అనుమానం.

ఇక ఇన్‌స్టంట్ గమ్ము. అది ఆరాక గాజులా అవుతుంది. కింద పైపు వంగుతుంది, మీద రబ్బరు సాగుతుంది, మధ్యలో గాజు పొర పగిలి పొడవుతుంది. ఆ పొడి మళ్లీ బేరింగులా పనిచేసి రబ్బరుని ఇంకా బాగా తిప్పుతుంది! సైకిల్ ట్యూబుకి తప్పనిసరిగా ఏదో పూయాలంటే పంక్చర్ షాపులో వాడే రబ్బరు సొల్యూషన్ పూయండి. పైపునీ ట్యూబు లోపలివైపునీ గరుకు కాగితంతో రుద్ది, రెండింటికీ పలచగా రాసి, చేతికి అంటనంతగా ఆరాక తొడగాలి. తడిగా ఉన్నప్పుడు తొడిగితే లోపలి ద్రావకం బయటికి పోయే దారి ఉండదు. ఇది అల్యూమినియం పైపు మీద మాత్రమే. పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) పైపు మీద ఇలాంటి ద్రావకాలు పూస్తే సన్నటి చీలికలు వస్తాయి. బోల్టులు వదులు కాకుండా వేసే థ్రెడ్‌లాకరుతో కూడా అంతే. మా పిల్లాడొకడు రోలరు చివర బోల్టుకి ఒక్క చుక్క థ్రెడ్‌లాకర్ వేశాడు, మంచికే అనుకుని. అది పాలికార్బొనేట్ పైపు మీదికి కారింది. పొద్దున చూస్తే చుక్క పడ్డ చోటు నుంచి సాలెగూడులా గీతలు, రెండో మ్యాచ్‌లో పైపు చివర విరిగి చేతికొచ్చింది.

సిలికాన్ ట్యూబు నాకు ఇష్టం. మీ ఊళ్లో అది దొరకడం కష్టం కాదు, హైదరాబాద్‌లో మందుల కంపెనీలు బోలెడు, వాళ్ల యంత్రాల్లో అటూ ఇటూ ద్రవాలు పోయేది ఈ ట్యూబుల్లోనే. రాణిగంజ్‌లో రబ్బరు హోసులు అమ్మేవాళ్లని అడగండి. అడిగేటప్పుడు "లోపల నూలు అల్లిక లేనిది" అని గట్టిగా చెప్పండి. ఫార్మా హోసుల్లో చాలావాటి గోడలో నూలు అల్లి ఉంటుంది, ఒత్తిడికి ఉబ్బకుండా. అది సాగదు, మీకు పనికిరాదు. గట్టిదనం షోర్ ఏ స్కేలు మీద 40 నుంచి 50 ఉంటే బాగు. ఆ లెక్క షాపువాళ్లకి తెలియకపోతే గోరుతో నొక్కి చూడండి, స్కూలు పిల్లల పెన్సిల్ రబ్బరులా లొంగితే సరిపోతుంది, చెప్పు మడమలా ఉంటే వద్దు. గోడ మందం 3 ఎంఎం తీసుకోండి. సాగదీసి తొడిగాక 2.6, 2.7 దాకా పలచబడుతుంది. పొడవు కూడా తగ్గుతుంది, అది చాలామందికి తట్టదు. 350 ఎంఎం రోలరుకి సరిగ్గా 350 కోసి తెస్తే ఒక చివర పైపు బోసిగా కనిపిస్తుంది. 430 కోయండి, మిగిలింది తర్వాత తీసేయొచ్చు.

లేటెక్స్, అంటే రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే ట్యూబులాంటిది, పట్టులోనూ చిరగకుండా నిలవడంలోనూ సిలికాన్‌కి తీసిపోదు. చిరుగు విషయంలో ఇంకా గట్టిది. కానీ ఎండకీ నూనెకీ పాడవుతుంది, ఏడాది అలమారాలో పెడితే జిగటగా మారి చీలుతుంది. టీమ్‌లో లేటెక్స్ పడని పిల్లలు ఉన్నారేమో కూడా ముందు కనుక్కోండి, చేతులు దద్దుర్లు లేస్తాయి. పెద్ద వ్యాసంలో దొరక్కపోతే 10 ఎంఎం లేటెక్స్ ట్యూబు కొని పైపు చుట్టూ తాడులా చుట్టండి. మధ్య నుంచి మొదలుపెట్టి ఎడమకి ఒక దిక్కు, కుడికి దాని ఎదురు దిక్కు మెలి తిప్పితే, ఆ మెట్లు బంతిని మధ్యకి నెడతాయి. తిప్పే దిక్కు తప్పితే బంతుల్ని రెండు పక్కలకీ విసురుతుంది, నవ్వుకోవడానికి బాగుంటుంది. బోలుగా ఉంటుంది కాబట్టి ఇది నాలుగైదు ఎంఎం లొంగుతుంది కూడా, గట్టి బంతికి ఆ రకంగా సిలికాన్ తొడుగు కన్నా మేలే. కాకపోతే మీ బంతి చిల్లుల అంచులు దాన్ని గీరుతాయి, తరచూ మార్చాలి.

3డీ ప్రింటర్లో టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో రోలరు అచ్చేసుకోవచ్చు కదా అని మీవాడు తప్పకుండా అంటాడు. అందరూ అంటారు. మామూలుగా దొరికే టీపీయూ 95 గట్టిదనం, అది చూడ్డానికి రబ్బరు, పనికి ప్లాస్టిక్. దాన్ని లోపల పలచని జాలీలా అచ్చేసి లొంగే లోపలి భాగంగా వాడుకోండి, పైన మాత్రం అసలు రబ్బరు తొడగండి. ఆ రెండూ కలిస్తే భలే పనిచేస్తుంది.

కొని పెట్టే మెత్తటి చక్రాలు, లోపల వంకర ఆకులున్నవి, మా ఎఫ్‌ఆర్‌సీలో చాలామంది వాడతారు. బాగుంటాయి. మీకు దిగుమతి ఖర్చు, ఎదురుచూపు రెండూ ఉంటాయి కాబట్టి వాటి గురించి ఆగుతాను.

తొడగడం. దీని దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు, కాబట్టి వివరంగా చెప్తాను.

పైపు అల్యూమినియంది తీసుకోండి, కరెంటు పైపు వద్దు, అది మధ్యలో వంగుతుంది. వంగిన రోలరు అంచుల్లో పట్టుకుని మధ్యలో వదిలేస్తుంది, మీ బంతి వచ్చేది మధ్యకే. పైపు చివర అంచుని ఆకురాయితో గుండ్రం చేయండి, వేలు పెట్టి తిప్పితే గీరకూడదు. సిలికాన్‌కి ఉన్న పెద్ద బలహీనత ఏమిటంటే ఒక్క గాటు పడితే చాలు, అక్కడి నుంచి చీర చిరిగినట్టు సర్రున చిరుగుతుంది. అందుకే ట్యూబు కోసేటప్పుడు కూడా కొత్త బ్లేడుతో ఒక్క కోతలో కోయాలి, కత్తెరతో కొరికినట్టు కోయకూడదు. పైపుని 120 గరుకు కాగితంతో అడ్డంగా కాకుండా నిలువుగా, అంటే పొడవు వెంట రుద్దండి. ట్యూబు తిరగబోయేది అడ్డంగా కదా, ఆ నిలువు గీతలే దాన్ని ఆపుతాయి.

కంప్రెసరు ఉంటే పని నిమిషంలో అవుతుంది. ట్యూబులోకి వెళ్లే పైపు చివర బిరడాతో మూసేయండి, లేకపోతే గాలంతా పైపు బొక్కలోంచి పోతుంది. ట్యూబు ఒక చివర పైపు మీదికి వేలెడంత బలవంతంగా ఎక్కించండి. రెండో చివర గాలి గన్ను మూతి పెట్టి గుడ్డతో చుట్టి ఒకరు పట్టుకోవాలి. ఇప్పుడు గాలి కొంచెం కొంచెంగా వదలండి. ట్యూబు పాములా ఉబ్బుతుంది, పైపుకీ దానికీ మధ్య సన్నటి గాలి పొర చేరి బుస్సుమంటుంది, ఆ క్షణంలో పైపు వెన్నలా లోపలికి జారుతుంది. గాలి ఆపగానే టక్కున పట్టేస్తుంది, ఇక మీరు రెండు చేతులతో మెలిపెట్టినా కదలదు. మొదటిసారి చూసిన పిల్లలు కచ్చితంగా కేక వేస్తారు. కళ్లద్దాలు తప్పనిసరి, గాలి ఒత్తిడి తక్కువతో మొదలుపెట్టాలి, ట్యూబు చేతిలోంచి జారితే ముఖానికి కొడుతుంది.

కంప్రెసరు లేకపోతే తడిపి ఎక్కించాలి. దేనితో తడుపుతారన్నది ముఖ్యం. మా టీమ్‌లో ఒకసారి ఒక అమ్మాయి, చాలా చురుకైన పిల్ల, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు పోసి రెండు నిమిషాల్లో ఎక్కించేసింది. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు పోటీ. మొదటి మ్యాచ్‌లో మోటారు తిరుగుతోంది, పైపు తిరుగుతోంది, తొడుగు మాత్రం నిలబడి ఉంది! నీళ్లు ఆరినా సబ్బు ఆరదు, రెండు పొరల మధ్య ఇరుక్కుని రోజుల తరబడి అలాగే ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల టైములో తొడుగు ఊడబీకి, కడిగి, ఆల్కహాలుతో తుడిచి మళ్లీ ఎక్కించేసరికి ఇంకో మ్యాచ్ పోయింది. తప్పు ఆ పిల్లది కాదు, పక్కనే నిలబడి చప్పట్లు కొట్టిన నాది.

కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడపండి, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. పూర్తిగా ఆవిరైపోతుంది. కానీ మధ్యలో ఆగితే అక్కడే అతుక్కుపోతుంది కాబట్టి ఒక్క ఊపులో లాగేయాలి. ఇంకో చిట్కా, హెయిర్ స్ప్రే. మోటార్ సైకిల్ హ్యాండిల్ గ్రిప్పులు ఎక్కించేవాళ్లు వాడేదే. తడిగా ఉన్నప్పుడు జారుతుంది, ఆరాక బంకలా పడుతుంది. ఏది వాడినా రాత్రంతా ఆరనివ్వండి.

తొడిగాక చివర్ల సంగతి. పైపు బయటికి 15 ఎంఎం మిగిల్చి కోసి, ఆ అంచుని పైపు లోపలికి మడవండి, మీద నుంచి మీ హబ్బు (పైపుని ఇరుసుకి కలిపే ముక్క) గానీ, లేత్ మీద తీసిన నైలాన్ బిరడా గానీ బిగించండి. సిలికాన్‌కి మామూలు జిగుర్లు ఏవీ అంటవు, సిలికాన్ సీలెంటు ఒక్కటే అంటుంది, అదీ అనుమానమే. ఈ మడత ఉంటే జిగురుతో పనే లేదు. చివరగా ఒక చాక్‌పీసు తీసుకుని తొడుగు మీద నుంచి హబ్బు మీద దాకా ఒక గీత గీయండి. ప్రతి మ్యాచ్ తర్వాత ఆ గీత చూడండి. రెండు ముక్కలై పక్కకి జరిగి ఉంటే తొడుగు తిరుగుతోందని అర్థం. గీత సరిగ్గానే ఉండి బంతి జారుతోందంటే తప్పు పైన చెప్పిన సందుదో, వేగానిదో, లేదంటే మురికిది.

మురికి. ఎంత మంచి రబ్బరైనా దుమ్ము పడితే అంతే, సిలికాన్ అయితే మరీను, అది ఎక్కడ నూలుపోగు ఉన్నా పిలిచి మరీ అంటించుకుంటుంది. 2022లో మాకు 9.5 అంగుళాల టెన్నిస్ బంతులు, ఎర్రవీ నీలంవీ. నాలుగు మ్యాచ్‌లకే మా రోలర్ల మీద ఊలు స్వెట్టర్ మొలిచింది. 2024 ఫోమ్ రింగులకి నారింజ రంగు పొడి. మీ బంతి ప్లాస్టిక్ కాబట్టి దానివల్ల అంత ఉండదు, మీకు వచ్చేది నేల పలకల మీది దుమ్ము. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఆల్కహాలు తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి, పది సెకన్ల పని. దీనికి ఒక పిల్లాణ్ని పేరు పెట్టి నియమించండి, "ఎవరో ఒకరు చూస్తారు" అంటే ఎవరూ చూడరు. పెట్రోలు, కిరోసిన్ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. సైకిల్ ట్యూబు మీద మెరుపు తేలితే గరుకు కాగితంతో ఒక చుట్టు రుద్దితే మళ్లీ పడుతుంది.

పట్టు కోసం రోలరు మీద ఏదైనా జిగట మందు పూద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి. బంతికో నేలకో అంటుకునే పదార్థం వాడితే ఇన్‌స్పెక్షన్లోనే ఆపేస్తారు.

ఒక జాగ్రత్త. 435 నుంచి 1150కి మారాక, బాగా పట్టే రబ్బరు వేశాక ఆ రోలరు బంతికీ వేలికీ తేడా చూడదు. పొడుగు చేతుల హుడీ దారం, విప్పుకున్న జడ, ఐడీ కార్డు తాడు, దేన్నైనా చుట్టేసుకుంటుంది. రోలరు ముట్టుకునే ముందు రోబో మెయిన్ స్విచ్ ఆపాలని మా పిట్‌లో, అంటే పోటీ దగ్గర రోబో బాగుచేసుకునే చోట, నియమం. ఆపానని నోటితో చెప్తే చాలదు, ముట్టుకునేవాడు తన చేత్తో ఆపాలి.

ఇంకొకటి, రోలరు రెండు చేయించండి. హబ్బుతో, బేరింగుతో సహా పూర్తిగా సిద్ధం చేసిన రెండోది పెట్టెలో ఉండాలి. చట్రం నుంచి నాలుగు స్క్రూలు విప్పితే ఊడి వచ్చేలా అమర్చుకోండి. మిల్లులో కూడా వేగంగా తిరిగే రోలు ముందు అరిగేది, నాన్న రెండింటినీ అటూ ఇటూ మార్చి ఇంకొన్నాళ్లు నడిపించేవాడు. మీకున్నది ఒక్కటే రోలరు కాబట్టి తిప్పి బిగించండి, ఎడమ చివర కుడికి. బంతులు ఎక్కువగా ఒకే పక్క నుంచి వస్తుంటే ఆ పక్కే అరుగుతుంది.

మీవాడి రోబో ఫోటో పక్క నుంచి తీసి పెట్టండి, రోలరు అడుక్కీ నేలకీ మధ్య ఒక స్కేలు నిలబెట్టి. సందు ఎంతుందో చూస్తే స్ప్రింగు ఎక్కడ కట్టాలో చెప్పగలను. ఈ శనివారం మాకూ ప్రాక్టీసు ఉంది కాబట్టి జవాబు ఆదివారం ఇస్తాను.